బెజవాడకు ట్రామ్ ఎందుకు రాలేదు?

పేపర్లో విజయవాడ మెట్రో వార్త పడిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గర ఒక మాట వినిపిస్తుంది. "మద్రాసుకు తెల్లదొరల కాలంలోనే కరెంటు ట్రామ్ వచ్చింది. మనకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనమంటే ఎవరికీ లెక్కలేదు." మాట వినడానికి బాగానే ఉంటుంది, కాస్త కడుపుమంట కూడా చల్లారుతుంది. కానీ ఇందులో మూడు నాలుగు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోయాయి. మద్రాసుకు ట్రామ్ (వీధి రోడ్డులోనే పరిచిన పట్టాల మీద నడిచే బండి) రావడం, బెజవాడకు రాకపోవడం, మద్రాసులో ఆ ట్రామే మూతపడటం, ఇప్పుడు మెట్రో నత్తనడక నడవడం... ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉంది. వివక్ష అనే ఒక్క మాటతో నాలుగింటినీ తేల్చెయ్యడం కుదరదు.

మొదట ఏది ముందో, ఏది వెనకో తేల్చుకుందాం. మన దేశంలో మొదటి ట్రామ్ కలకత్తాది. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ దాకా నడిచింది. కానీ అది గుర్రాలు లాగిన ట్రామ్. జనం సరిగ్గా ఎక్కక అదే ఏడాది ఆగిపోయింది. 1880లో కొత్త కంపెనీ వచ్చి మళ్లీ పట్టాలు వేసింది. బొంబాయిలోనూ 1874లో మొదలైంది గుర్రాల ట్రామే. కరెంటుతో నడిచిన మొదటి ట్రామ్ మాత్రం మద్రాసుది, 1895 మే 7న. కలకత్తాకు కరెంటు ట్రామ్ 1902లో, బొంబాయికి 1907లో వచ్చాయి. బొంబాయిది కూడా మే 7వ తేదీయే కావడం కాకతాళీయం. లండన్ వీధుల్లో కరెంటు ట్రామ్ జనానికి అందుబాటులోకి వచ్చింది 1901లో. కాబట్టి "లండన్ కంటే ముందు మద్రాసులో" అని చెప్పుకునే గొప్ప నిజమే. "ఆసియాలోనే మొదటిది" అనేది మాత్రం నిజం కాదు. జపాన్‌లోని క్యోటోలో అదే ఏడాది ఫిబ్రవరిలోనే మొదలైంది.

ఆ 1895 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా బ్రాడ్‌గేజ్ రైలే లేదు. ఆ లైను పూర్తయింది 1899 నవంబరు 1న. అంతకు ముందు మద్రాసు వెళ్లాలంటే గుంతకల్లు చుట్టు తిరిగి రైల్లో పోవాలి, లేదంటే కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవలోకి దిగి పడవలో రోజుల తరబడి సాగాలి. అంటే రాజధానిలో వీధుల మధ్య కరెంటు బండి తిరగడం మొదలైన నాలుగేళ్లకు గానీ ఆ రాజధానికి మనకు సూటి దారి పడలేదు. ఆ తర్వాత మాత్రం మనవాళ్లు తెగ వెళ్లారు. హైకోర్టు కేసులకు, కాలేజీ చదువులకు, అచ్చుపనికి, తర్వాత తర్వాత సినిమాలకు. సెంట్రల్ స్టేషన్లో దిగిన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకు ట్రామ్ అలవాటైన బండే.

నేల కింద తీగ, నెత్తి మీద తీగ

కరెంటు ట్రామ్ పనిచేసే తీరు అర్థమైతే మిగతా కథ సగం అర్థమైపోతుంది. బండి అడుగున మోటార్లు ఉంటాయి. వాటికి కరెంటు బయటి నుంచి అందాలి, పని అయ్యాక తిరిగి వెళ్లాలి. తిరిగి వెళ్లే దారి సులువు, సాధారణంగా పట్టాలే ఆ పని చేస్తాయి. అందించే దారి దగ్గరే అసలు చిక్కు. దాదాపు 500 వోల్టుల డీసీ (ఒకే దిక్కుగా పారే) కరెంటు ఉన్న తీగను మనుషులూ, పశువులూ తిరిగే వీధిలో ఎక్కడ పెట్టాలి?

మద్రాసు వాళ్లు మొదట దాన్ని నేల కింద పెట్టారు. రెండు పట్టాల మధ్య రోడ్డు పొడవునా సన్నటి చీలిక, దాని కింద గొట్టంలాంటి కాలవ, ఆ కాలవ లోపల కరెంటు పారే లోహపు కడ్డీలు. బండి అడుగు నుంచి నాగలి కర్రులాంటి ఇనప పలక ఒకటి ఆ చీలికలోంచి లోపలికి దిగి కడ్డీలను రాసుకుంటూ వెళ్తుంది. బండి కదులుతున్నంత సేపూ కరెంటు అందుతూ ఉంటుంది. పైన తీగలు, స్తంభాలు ఏమీ కనపడవు, వీధి అందం చెడదు. దీన్ని కండ్యూట్ పద్ధతి అంటారు. ఐరోపాలో బుడాపెస్ట్‌లాంటి ఊళ్లలో బాగానే నడిచింది.

మద్రాసు బుడాపెస్ట్ కాదు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన కుమ్మరిస్తుంది. ఊరు సముద్ర మట్టానికి అటూ ఇటూగా ఉంటుంది కనక నీరు లాగదు. చీలికలోంచి వాననీరు, బురద, చెత్త లోపలికి దిగిపోతాయి. లోపల ఉన్నది కరెంటు కడ్డీలు. ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ ఊళ్లోనూ 1885లో ఇదే పద్ధతి పెట్టి, ఇసుక, ఉప్పునీరు దెబ్బకు 1899లో పైతీగకు మారారు. మద్రాసుకూ అదే దారి అయింది. వానలకు నేల కింది ఏర్పాటు పాడైపోవడంతో కంపెనీ ఓవర్‌హెడ్ తీగకు మారింది.

ఆ మారిన బండినే మన పెద్దవాళ్లు ఎక్కింది. రోడ్డుకు పైన రాగి తీగ, బండి కప్పు మీద స్ప్రింగు బిగువుతో నిలబడే పొడుగాటి కడ్డీ, కడ్డీ చివర గాడి ఉన్న చిన్న చక్రం. ఆ చక్రం తీగను కిందినుంచి ఒత్తుకుంటూ దొర్లుతుంది. చివరి స్టాపులో బండి తిరగదు, కడ్డీయే తిరుగుతుంది. దానికి కట్టిన తాడు పట్టుకుని తీగ నుంచి దించి, అటునుంచి ఇటు తిప్పి, మళ్లీ తీగకు తగిలిస్తారు. డ్రైవరు తన హ్యాండిల్ తీసుకుని రెండో కొసకు వెళ్లి నిలబడతాడు, వెనక్కాల ముందవుతుంది. మలుపుల దగ్గర చక్రం తీగ మీంచి జారిపోతే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. అది మళ్లీ తగిలించే దాకా ఎక్కినవాళ్లు కూర్చోవాల్సిందే.

ఈ పైతీగ పద్ధతిని నమ్మకంగా నడిచేలా చేసి చూపించినవాడు ఫ్రాంక్ స్ప్రేగ్ అనే అమెరికన్ ఇంజనీరు, 1888లో రిచ్‌మండ్ నగరంలో. అంటే మద్రాసు మొదలుపెట్టే నాటికే ఆ దారి తెలిసి ఉంది. ఖరీదైన నేల కింది పద్ధతిని ఎంచుకుని, దాన్ని వానలకు పోగొట్టుకుని, మళ్లీ పైతీగకు డబ్బు పెట్టడం కంపెనీకి నిలదొక్కుకోకముందే తగిలిన దెబ్బ. తర్వాతి కంపెనీ పూర్తి పేరులోనే బ్రాకెట్లో 1904 అని ఉండేది: మద్రాసు ఎలక్ట్రిక్ ట్రామ్‌వేస్ (1904) లిమిటెడ్. కంపెనీ పేరులో సంవత్సరం కనిపించిందంటే పాతదాన్ని సర్దేసి కొత్తగా మొదలెట్టారని సాధారణంగా అర్థం. నిలదొక్కుకున్నాక బాగానే నడిచింది. 1921 నాటికి 24 కిలోమీటర్ల లైను మీద 97 బండ్లు తిరిగేవి.

టికెట్టు కంటే ముందు పెట్టాల్సిన డబ్బు

జట్కావాడికి ఒక గుర్రం, ఒక బండి ఉంటే చాలు. జనం లేకపోతే పక్క ఊరికి తోలుకుపోతాడు. ట్రామ్ కంపెనీకి ఆ వీలు లేదు. మొదటి టికెట్టు తెగకముందే పట్టాలు, తీగలు, స్తంభాలు, బండ్లు, షెడ్డు, అన్నింటికంటే పెద్ద ఖర్చయిన పవర్‌హౌస్ సిద్ధంగా ఉండాలి. ఊళ్లో కరెంటే లేని రోజులవి. మద్రాసులో కూడా ఇళ్లకు కరెంటు సరఫరా పద్ధతిగా మొదలైంది ట్రామ్ వచ్చిన పదేళ్ల తర్వాతే. కంపెనీయే బొగ్గు తెచ్చి, ఆవిరి పుట్టించి, కరెంటు తీసుకోవాలి. పైగా డీసీ కరెంటును ఆ వోల్టేజీలో ఎంతో దూరం పంపలేరు. కొద్ది మైళ్లు దాటితే దారిలోనే నష్టపోతుంది. కాబట్టి ఏ ఊరి పవర్‌హౌస్ ఆ ఊళ్లోనే కట్టాలి, పక్క జిల్లా నుంచి లైను లాగడం కుదరదు.

అందుకే చాలాచోట్ల ట్రామ్, కరెంటు ఒకే కంపెనీ చేతిలో ఉండేవి. బొంబాయిలో ఇప్పటికీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ పుట్టుక అదే. కాన్పూరులోనూ 1907లో ట్రామ్ మొదలుపెట్టింది ఊరికి కరెంటు ఇచ్చే కంపెనీయే. పగలు ట్రామ్ నడుస్తుంది, సాయంత్రం దీపాలు వెలుగుతాయి, పవర్‌హౌస్ ఖాళీగా ఉండదు. కరెంటు కొనే షావుకార్లు, ఆఫీసులు, మిల్లులు ఊళ్లో ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. కాన్పూరు అంత పెద్ద మిల్లుల ఊళ్లో కూడా ఆ ట్రామ్ 1933లో మూతపడింది.

ఇంకో బరువు కూడా ఉంది. 1886 నాటి ఇండియన్ ట్రామ్‌వేస్ చట్టం ప్రకారం పట్టాలున్న మేర రోడ్డును బాగుచేయించే బాధ్యత కంపెనీదే. ఆ రోడ్డు మీద తిరిగే ఎడ్లబండ్లకు, జట్కాలకు, తర్వాత వచ్చిన బస్సులకు మాత్రం ఆ మరమ్మతు బాధ్యత లేదు. తన పోటీదారుడు నడిచే దారికి తనే మరమ్మతు చేయించడమన్నమాట. గడువు తీరాక స్థానిక సంస్థ ట్రామ్‌ను కొనేసుకునే వీలు కూడా చట్టంలో పెట్టారు. ఇవాళో రేపో చెయ్యిదాటిపోయే ఆస్తి మీద ఎవరు మాత్రం కొత్త డబ్బు పెడతారు?

ఇప్పుడు బెజవాడను చూడండి

బెజవాడ మునిసిపాలిటీ అయింది 1888లో. 1901 జనాభా లెక్కల్లో ఊరి జనం సుమారు 24 వేలు. అప్పటికి గుంటూరే పెద్దది, 30 వేల పైచిలుకు. మద్రాసులో ట్రామ్ మొదలైన రోజుల్లో అక్కడి జనం సుమారు నాలుగున్నర లక్షలు. ఊళ్లో పదిమందిలో ఒకరు రోజూ ట్రామ్ ఎక్కుతారని అనుకుందాం, వాదన కోసమే. మద్రాసులో 45 వేల టికెట్లు తెగుతాయి. బెజవాడలో 2,400. పవర్‌హౌస్ ఖర్చు మాత్రం ఇరవయ్యో వంతుకు తగ్గదు. ఆ 2,400 మంది కూడా ఎక్కడికి వెళ్లాలి? అప్పటి బెజవాడ అంటే చాలావరకు ఇవాళ మనం వన్‌టౌన్ అనేదే. ఇంద్రకీలాద్రి కిందినుంచి బజారు మీదుగా స్టేషన్ దాకా నడిచే పోవచ్చు. బెంజి సర్కిల్, పటమట అప్పుడు ఊరు కాదు, పొలాలు, పక్క పల్లెలు.

బొగ్గు లేక రాలేదనుకుంటే పొరపాటు. ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది, సికింద్రాబాద్ నుంచి బెజవాడకు నిజాం రైల్వే లైను కూడా అదే ఏడాది వచ్చింది. బొగ్గు ఊరి ముంగిటికే వచ్చేది. ప్రయాణికులే లేరు. దసరాకు, పుష్కరాలకు ఇసకేస్తే రాలనంత జనం వస్తారు కదా అనొచ్చు. ట్రామ్‌కు అది పనికొచ్చే గిరాకీ కాదు. పన్నెండేళ్లకోసారి వచ్చే పన్నెండు రోజుల జనం కోసం పట్టాలు వేస్తే, మిగతా రోజుల్లో ఆ పట్టాలు ఎవరికోసం తుడవాలి? కలకత్తా, మద్రాసు కంపెనీలు బతికింది రోజూ అదే వేళకు ఆఫీసుకు పోయి, అదే వేళకు ఇంటికి వచ్చే గుమస్తాల మీద. బెజవాడలో అంత మంది గుమస్తాలు ఎక్కడున్నారు?

ఇక ఊరి నైసర్గికం. ఆనకట్ట 1855లో పూర్తయ్యాక బందరు కాలవ, రైవస్ కాలవ, ఏలూరు కాలవ ఊరి నడుమనుంచే పారాయి. వాటికి అడ్డంగా రైలు పట్టాలు. కొండ ఒకవైపు, నది ఒకవైపు. ఊళ్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే కాలవ వంతెనో, రైలు గేటో దాటకుండా పోలేం. లోబ్రిడ్జి కింద వాననీరు నిలిస్తే ఇవాళ్టికీ ఆటోవాడు దండం పెట్టి వెనక్కి తిప్పుతాడు. ట్రామ్‌కు ప్రతి వంతెనా బలపరచాలి, ప్రతి రైలు క్రాసింగు దగ్గరా రైల్వే వాళ్లతో ఒప్పందం చేసుకోవాలి. ఆ కాలవలే పోటీ కూడా. సరుకు కాలవల్లో పోయేది, దూరం పోయే మనుషులూ పడవెక్కేవాళ్లు. ఏలూరు రోడ్డు మీద పడవల రేవు అనే చోటు ఇంకా ఉంది, పడవలే లేవు.

గుంటూరుకు ఈ కాలవల బెడద లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట గీత గీసినట్టు లైన్లుగా వేసిన పేటలు, ట్రామ్ పట్టాలకు ఆ వీధులు చక్కగా అమరేవి. నా మటుకు, ట్రామ్‌కు సరిపోయే ఊరు మన రెండింట్లో అదే. కానీ అక్కడి రద్దీ ఎక్కువగా సరుకుది. మిర్చి, పొగాకు, పత్తి ఎడ్లబండి మీద వచ్చి ఎడ్లబండి మీదే పోయేవి.

బస్సు ముందొచ్చింది

ఊరు పెరగలేదా అంటే, బాగానే పెరిగింది. 1941 నాటికి 86 వేలు దాటి, 1951కి లక్షా అరవై వేలయింది. ఇక్కడే అసలు మెలిక ఉంది. మద్రాసు ప్రభుత్వం విద్యుత్ శాఖను పెట్టింది 1927లో, నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు వచ్చింది 1930ల మొదట్లో. జిల్లా పట్టణాలకు కరెంటు పద్ధతిగా రావడం ఆ తర్వాతి మాట. అప్పటికి మోటారు బస్సు రోడ్డెక్కేసింది. బస్సుకు పట్టా అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, రోడ్డు ఖర్చు సర్కారుదే. ఒక్క బస్సుతో వ్యాపారం మొదలెట్టొచ్చు. ఇవాళ బందరు, రేపు నూజివీడు, ఎల్లుండి గుడివాడ, ఎటు జనం ఉంటే అటు. కృష్ణా జిల్లా షావుకార్లకు ఇది చేతికి అందే వ్యాపారం. ట్రామ్‌కు జనం సరిపోని రోజుల్లో కరెంటు లేదు, జనమూ కరెంటూ రెండూ కుదిరిన రోజుల్లో ట్రామ్ అవసరమే లేదు.

జిల్లాలో ప్రైవేటు బస్సుల వాళ్ల బలం ఎంతటిదో చెప్పడానికి ఒక కోర్టు కేసు చాలు. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సు రూట్లను జాతీయం చేస్తామంటే ఇక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. వాళ్ల అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, తీర్పు చెప్పింది ఆ శాఖ చూస్తున్న ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తేల్చినవాడు ఇంకొకడు అయితే అది విచారణే కాదని 1958 నవంబరులో కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మళ్లీ పద్ధతిగా విచారణ జరిపి పని కానిచ్చుకుంది అనుకోండి. కానీ పాలనా చట్టం చదివే లా విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. మన బస్సుల గొడవ అలా దేశమంతటికీ పాఠమైంది.

మద్రాసులోనే ట్రామ్ నిలబడలేదన్న సంగతి మన టీ కొట్టు వాదనలో ఎప్పుడూ రాదు. యుద్ధం రోజుల్లో మరమ్మతులు వెనకబడ్డాయి. 1947లో ప్రభుత్వమే సొంత బస్సులు దింపింది. అరిగిన పట్టాలు, పాత బండ్లు మార్చడానికి డబ్బు లేక కంపెనీ దివాలా తీసింది. 1953 ఏప్రిల్ 12న మద్రాసు ట్రామ్ ఆగిపోయింది. ఆ అక్టోబరు 1న మన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకే కావాలని కొట్లాడినవాళ్లు గెలిచి ఉన్నా, ఆ ట్రామ్ మాత్రం దక్కేది కాదు. ఢిల్లీ ట్రామ్ 1963లో, బొంబాయి ట్రామ్ 1964 మార్చి 31న పోయాయి. కలకత్తాది ఒక్కటే మిగిలింది, ప్రభుత్వం నష్టం భరించబట్టి. అక్కడ కూడా మైదాన్ దగ్గరి ఒక్క మార్గం ఉంచి మిగతావి ఆపేస్తామని 2024లో ప్రకటించారు.

మరి మెట్రో సంగతి? 2014 విభజన చట్టంలోనే విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2015 నాటి ఢిల్లీ మెట్రో సంస్థ నివేదికలో రెండు లైన్లున్నాయి. రెండూ నెహ్రూ బస్టాండు నుంచే బయల్దేరతాయి, ఒకటి ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరుకు, ఇంకొకటి బందరు రోడ్డు మీదుగా పెనమలూరుకు. మొత్తం 26 కిలోమీటర్లు, అంచనా సుమారు 6,769 కోట్లు. అంటే కిలోమీటరుకు 260 కోట్లు. తర్వాత లైట్ మెట్రో అన్నారు, ఆపైన ఇంకా పెద్ద ప్లాన్ గీశారు.

అప్పటి ప్రశ్నే ఇక్కడా వస్తుంది, టికెట్టు కంటే ముందు పెట్టే డబ్బును ఎంతమంది రోజూ ఎక్కి తీర్చగలరని. 24 వేల జనం ఊరు కాదిది ఇప్పుడు. రామవరప్పాడు రింగు నుంచి బెంజి సర్కిల్ దాకా సాయంత్రం ఆరింటికి బండి నడిపినవాళ్లకు జనం ఉన్నారా అన్న అనుమానం రాదు. ఎటొచ్చీ ఆ జనంలో ఎంతమంది టూవీలర్ ఇంట్లో వదిలి స్టేషను మెట్లెక్కుతారన్నదే తేలాలి. బైక్ మీద ఇంటి గుమ్మం నుంచి షాపు గుమ్మం దాకా పోయే మనిషిని మెట్రో ఎక్కించాలంటే స్టేషను దగ్గర సిటీ బస్సో, షేర్ ఆటోనో సిద్ధంగా ఉండాలి.

ఇన్ని కోట్లు ఎందుకు, రోడ్డు మీదే ట్రామ్ వేస్తే చవక కదా అనేవాళ్లూ ఉన్నారు. చవకే, అందులో సందేహం లేదు. కానీ ట్రామ్ వేగంగా పోవాలంటే బందరు రోడ్డులో రెండు వరసలు పూర్తిగా దానికే వదిలెయ్యాలి. కార్లు, బైకులు, ఆటోలు, కొట్ల ముందు పార్కింగు మిగిలిన దాంట్లో సర్దుకోవాలి. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన స్థలంలో బస్సులకు ప్రత్యేకంగా దారి వదిలిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఎలా మారిందో ఊరందరికీ తెలుసు. పేరు నిలిచింది గానీ బస్సుల రాజ్యం నిలవలేదు. ఖాళీగా దొరికిన స్థలంలోనే అలా అయితే, అంగుళం అంగుళం ఆక్రమించుకున్న బందరు రోడ్డులో ఎవరిని పక్కకు జరగమంటారు? నివేదికలో లైన్లన్నీ స్తంభాల మీదికి ఎక్కిందీ, కిలోమీటరు ఖర్చు 260 కోట్లయిందీ చాలావరకు అందుకే.